నా నూట నలుబది యేడవ పద్యమును నమ్మవద్దని విన్నపము

మట్టెవాడ, వరంగల్లు,
తేది 18-6-1984.

శ్రీయుత ప్రత్యేకాధికారి గారి సముఖమునకు,
బంజరు భూముల వనీకరణ పథకము, వరంగల్లు.

అర్జీదారు: ఆడెపు మార్కండేయులు, వయస్సు 71 సంవత్సరములు, విశ్రాంత తెలుగు పండితుడు, మట్టెవాడ.

విషయం: ఏడూళ్ల కంచెను జూలై 2వ తేదీన ట్రాక్టర్లతో దున్నించి నీలగిరి మొక్కలు నాటించు ఉత్తర్వు – అందుకు ఆధారముగా చూపబడిన పద్యము అబద్ధమగుట – ఆ అబద్ధము నాదే యగుట – దున్నుట నిలుపుమని ప్రార్థన.

అయ్యా,

నేడు రక్తాక్షి నామ సంవత్సర జ్యేష్ఠ బహుళ పంచమి, సోమవారము. మృగశిర కార్తె నడుచుచున్నది. కిందటేడు రాలిన గింజ తొలి వానకు తడిసి, మన్నును చీల్చుకొని తల యెత్తు దినములివి. మందు కొరకు ఆకు కోయువాడు సైతము ముందు ఆ మొక్కకు మ్రొక్కి అనుమతి వేడవలెనని మన పెద్దలు నియమము పెట్టిరి. మొలచిన ప్రతిదానికి, తన గింజను తాను నేలకు అప్పగించు వరకు బ్రతుకు హక్కు కలదని ఆ నియమమునకు అర్థము. అట్టి దినములలో, మొలచి పది దినములైనను కాని గడ్డి ప్రాణము కొరకు ఈ అర్జీ వ్రాయుచున్నాను. నలువది సంవత్సరములు ఇరుగుపొరుగు వారికి అర్జీలు వ్రాసి పెట్టితిని. నా మీద నేనే వ్రాసికొనునది ఇదియే మొదటిది.

1. ఏడూళ్ల కంచె యనునది స్టేషన్ ఘన్‌పూర్‌కు నాలుగు మైళ్ల దూరమున మొదలై, ఏడు గ్రామముల పొలిమేరల నడుమ ఐదువేల రెండువందల ఎకరముల మేర పరచుకొన్న పచ్చిక బయలు. సర్కారీ రికార్డులలో 'బంజరు'. ఎండకాలమున చూచిన వారికి ఆ మాట సరియే యనిపించును. ఎర్రమన్ను, రాళ్లు, కాలి క్రింద విరుగు గడ్డి మొదళ్లు తప్ప ఏమియు కానరావు. తమ సర్వేవారు జీపులో వచ్చి చూచినది ఎండకాలముననే. అదే నేలను భాద్రపదమున చూచినచో, మోకాటి యెత్తు గడ్డి గాలికి ఒకే దిక్కునకు వాలి లేచుచుండును. దాని సందులలో విష్ణుక్రాంతపు నీలము, వెంపలి పూల గులాబి రంగు, గునుగు తెలుపు. గొర్రె కనబడదు, దాని మెడలోని గంట మాత్రము వినబడును. అరువది కురుమ కుటుంబముల మందలకును, ఏడు గ్రామముల పాడి పశువులకును అదియే అన్నము.

2. నేను నేతవారి ఇంట పుట్టినవాడను. మా నాయన మగ్గము గుంటలో కూర్చుండి నాడె విసరుచు నాకు పద్యములు చెప్పెడివాడు. అందుచే ఏది నేర్చినను పద్యములోనే నేర్చితిని. ఏది దాచుకొనవలెనన్నను పద్యములోనే దాచుకొంటిని. ఉద్యోగ విరమణ పిమ్మట, 1975 మొదలు ఆరు సంవత్సరములు, వానకాలమంతయు వారమునకు రెండు మారులు ప్యాసింజరులో ఘన్‌పూర్‌లో దిగి, కంచెకు నడచి, అచ్చట తమంత తాముగా మొలచు మొక్కలను ఒక్కొక్కటిగా గుర్తించితిని. వేరుతో సహా తెచ్చి, విద్యార్థుల పాత జవాబు పత్రముల నడుమ పరచి, పైన సన్నెకల్లు పెట్టి ఆరబెట్టితిని. ఒక్కొక్క మొక్కకు ఒక్కొక్క పద్యము చొప్పున నాలుగువందల పన్నెండు వ్రాసితిని. పేరు, రూపు, పూత కాలము, గింజ రాలు కాలము, పశువు మేయునా మేయదా యను సంగతి ప్రతి పద్యములోను ఉండవలెనని నియమము పెట్టుకొంటిని. 1981లో అవి 'ఏడూళ్ల తృణావళి' యను పేర పుస్తకముగా అచ్చయినవి. సభ జరిగినది. శాలువ కప్పిరి.

3. అందులో నూట నలుబది యేడవ పద్యము ఎర్రపోస గడ్డిని గూర్చినది. కంచెలో సగము మేత ఆ గడ్డియే. ఈనిన గొర్రెకు పాలు పడునది దాని వలననే యని కురుమవారు చెప్పుదురు. అది మృగశిరలో మొలచి, భాద్రపదమున వెన్ను తీసి, ఆశ్వయుజము చివర గింజ రాల్చి చచ్చిపోవును. వేరు మిగిలి చిగిర్చు జాతి కాదు. ఏటేట గింజ వలననే మరల పుట్టవలెను. ఈ సంగతి నాకు 1976 నుండియు తెలియును. తెలిసియు ఇట్లు వ్రాసితిని:

'వైశాఖంబున రాలు గింజ లవనిన్ వానల్ ప్రవేశింపగా'

కారణము మనవి చేయుచున్నాను. ఈ జాతి పద్యమున నాలుగు పాదములలోను రెండవ అక్షరము ఒకటే కావలెను. దానిని ప్రాస యందురు. మొదటి రెండు పాదములలో 'శ' వచ్చి కూర్చున్నది. ఆశ్వయుజములో శకారమునకు వకారము అంటియుండుటచే అది పనికి రాలేదు. మూడు దినములు ఆ పాదమును అటు ఇటు త్రిప్పి చూచితిని. నాలుగవ నాడు స్నానము చేయుచుండగా వైశాఖము తోచినది. తలపై పోసికొన్న నీళ్లు ఆరకముందే లోనికి వచ్చి వ్రాసికొంటిని. గింజ రాలు కాలమును ఆరు నెలలు జరిపితినన్న చింత ఆనాడు రవంతయు కలుగలేదు. ఆ సంతోషములో ఆనాడు రెండు ముద్దలు ఎక్కువ తింటిని. క్షమించవలెను, ఇది అర్జీలో వ్రాయదగిన మాట కాదు.

4. ఈ తప్పును నాకు తొలుత చూపినది యాదవ్వ. ఈమె కంచె అంచు గ్రామమునకు చెందిన కురుమ స్త్రీ. వయస్సు సుమారు అరువది. అక్షరజ్ఞానము లేదు. నాలుగువందల పన్నెండు మొక్కల పేర్లును నాకు చెప్పినది ఈమెయే. నేను మొక్కను పీకబోయినప్పుడెల్ల 'పక్కపొంటి గసొంటిది ఇంకోటి ఉన్నదో లేదో చూసినంకనే పీకు పంతులూ' అని చేయి పట్టి ఆపెడిది. పైన తెలిపిన పద్యమును రాగముతో చదువగా బండ మీద కూర్చుండి తల ఊపుచు వినినది. పిదప జరిగిన సంభాషణను ఉన్నదున్నట్లు దాఖలు చేయుచున్నాను.

"మంచిగ పాడినవ్ పంతులూ. గని వైశాఖంల గింజ ఏడిది? వైశాఖంల నా గొర్లు మన్ను నాకుతయి."

"పద్యంల గట్లనే వస్తది యాదవ్వా. ప్రాస అని ఒకటుంటది."

"గాయినెవ్వలు? మీ పెద్దసారా?"

"మనిషి కాదు. నియమం."

"నియమమైతె నీకు. గడ్డికి చెప్పినవా మరి? సద్దుల బతుకమ్మ ఎల్లినంకనే గది గింజ రాలుస్తది. నువ్వెంత గొంతెత్తి పాడినా జర ముందుగాల రాల్చుమంటె రాల్చదు."

నేను నవ్వితిని. ఆమెయు నవ్వినది. పద్యమును మార్చలేదు.

5. తమ కార్యాలయమున సర్వే విభాగములో పనిచేయు చిరంజీవి రాంచందర్ నా శిష్యుడు. తమ పథకమున ఒక నిబంధన కలదు: మేత భూమిని దున్నుటకు ముందు అచ్చటి ముఖ్యమైన గడ్డి గింజ రాల్చి ముగించినదని స్థానికమైన ఆధారముతో నిర్ధారించవలెను; అప్పుడే మేతకు వదలిన అంచులలోనైనను గడ్డి మరల మొలచును. మంచి నిబంధన. వ్రాసినవారికి నా నమస్కారము. రాంచందర్ ఆధారము కొరకు వెదకి, గురుభక్తితో నా పుస్తకమును తెరచి, పైన ఉదహరించిన పాదమును ముత్యముల వంటి దస్తూరితో నివేదికలో వ్రాసి, 'ఈ యేటి గింజ వైశాఖముననే రాలి మంటిలో భద్రముగా నున్నది. వానలు పడగానే దున్నుటకు అభ్యంతరము లేదు' అని సమర్పించినాడు. తమ పైవారు సంతకము చేసిరి. ఎవరును చెడు తలపెట్టలేదు. అందరును తమ తమ పనులను శ్రద్ధగా చేసిరి.

మే నెలలో అతడే మా ఇంటికి మిఠాయి పొట్లముతో వచ్చి ఈ వార్త చెప్పినాడు.

"సార్, మీ పద్యం సర్కారు ఫైల్లకెక్కింది సార్! కలెక్టరాఫీసుల కూడ చదివిన్రట."

"అది తప్పు రాంచందర్. ఎర్రపోస ఆశ్వయుజంల రాలుతది. ఫైల్లకెల్లి తీసెయ్యి బిడ్డా" అంటిని.

"మీరు తప్పు రాస్తరా సార్? తొమ్మిదో తరగతిల ఒక్క దీర్ఘం పోతె నన్ను బెంచీ ఎక్కించిన్రు. మీ నోట్ల తప్పొస్తదా?"

"తెలిసి రాసిన తప్పురా అది."

"పెద్దతనంల గట్లనే అనిపిస్తది సార్. ఫికర్ చెయ్యకుండ్రి. జర రెస్టు తీసుకోండ్రి" అని పాదములకు నమస్కరించి వెళ్లినాడు. నా మాటను నమ్మించుటకు నేను నలువది సంవత్సరములు పాటుపడితిని; ఆ పాటు ఫలించినందున ఇప్పుడు నా మాటను నమ్మవద్దని వేడుకొనవలసి వచ్చినది.

తలుపు కడ నిలిచి వినుచున్న నా భార్య లక్ష్మీనర్సమ్మ ఆ మిఠాయి పొట్లమును ముట్టలేదు. "నలభై ఏండ్లు మంది పిల్లల తప్పుల కింద ఎర్రగీతలు గీసినవ్. నీ తప్పు కింద ఒక్క గీత గియ్యరాదా?" అని మాత్రము అన్నది.

6. మే 21న తమ కార్యాలయమునకు సవరణ దరఖాస్తు ఇచ్చుకొంటిని. జూన్ 2న ప్రత్యుత్తరము వచ్చినది: అచ్చయిన గ్రంథములోని విషయమును ఖండించుటకు నిపుణుని అభిప్రాయము అవసరమనియు, అందుకై దరఖాస్తును ఏడూళ్ల కంచె మొక్కల విషయమున గుర్తింపు పొందిన స్థానిక నిపుణులకు పంపితిమనియు. జూన్ 5న పోస్టుమాన్ ఇంకొక లకోటా తెచ్చినాడు. ఆ నిపుణుడను నేనే. 'మార్కండేయులు అను వ్యక్తి చేసిన ఆరోపణపై శ్రీ మార్కండేయులు గారు తమ అమూల్యాభిప్రాయమును ఏడు దినములలో తెలుపవలెను' అని అందులో ఉన్నది. ఆ వ్యక్తి చెప్పినది అక్షరాల నిజమనియు, అతనిని నేను డెబ్బది యొక్క సంవత్సరములుగా ఎరుగుదుననియు ఆనాడే జవాబు వ్రాసి స్వయముగా ఇచ్చి వచ్చితిని. జూన్ 12న తుది ఉత్తర్వు అందినది: ఫిర్యాదుదారును నిపుణుడును ఒకరే యగుటచే అభిప్రాయము నిష్పాక్షికము కాదు, దరఖాస్తు తిరస్కరింపబడినది.

7. జూన్ 14న యాదవ్వను వెంటబెట్టుకొని తమ కార్యాలయమునకు వచ్చితిని. తాము టూరులో ఉన్నందున సూపరింటెండెంటు శ్రీ రాజేశ్వర్ రావు గారు విచారించిరి.

"చదువస్తదా అమ్మా నీకు?"

"రాదు సారూ."

"మరి పద్యం తప్పని ఎట్ల చెప్తవ్?"

"పద్యం మంచిగనే ఉన్నది సారూ. గడ్డి సంగతి చెప్పనీకొచ్చిన" అని, కొంగు ముడి విప్పి, తడిమన్నుతో కూడిన వేలెడు మొలకను వారి బల్ల మీద పెట్టినది. "గిది ఎర్రపోస. మొన్నటి వానకు లేసింది. మొదట్ల పొట్టు సూడు, ఇంక ఊడలే. నల్లగైంది సూడు. ఎనిమిది నెల్లు మన్నుల పండుకుంటెనే పొట్టు గట్ల నల్లబడ్తది. గిప్పుడు దున్నితె గిది చస్తది. మల్ల మొలుస్తానికి కింద గింజ లేదు. ఉన్న గింజంత లేసే ఉన్నది."

"ఫైలు మీద మట్టి పడ్తాంది, తియ్యమ్మా."

"మట్టి అంటవేంది సారూ? పొద్దుగాల నువ్వు చాయల పోసుకున్న పాలు యాడికెల్లొచ్చినయనుకున్నవ్?"

గుమాస్తాలందరు నవ్విరి. రావు గారును నవ్విరి. పిదప ఫైలును ప్రక్కకు జరిపి, ఆ మొలకను చాల సేపు చూచిరి. "నేను నమ్ముతున్న అమ్మా" అనిరి. "నా నమ్మకం ఫైల్ల ఎక్కదు. పుస్తకం రాసినాయిన తన పుస్తకం తప్పని కారణాలు చూపిచ్చుకుంట, పెద్దసారు పేరు మీద రాసియ్యాలె. గదొక్కటే తొవ్వ." ఈ అర్జీ వారి సలహా మీద వ్రాయబడుచున్నది. రావు గారికి దీని వలన ఏ మాటయు రాకుండ చూడవలెనని ప్రత్యేకముగా వేడుచున్నాను.

8. అబద్ధము ఒక్కటియే యైనచో పొరపాటు అనవచ్చును. గత నాలుగు దినములుగా నా పుస్తకమును పరులు వ్రాసిన దానివలె చదివితిని. నాలుగువందల పన్నెండింటిలో ఇరువది మూడు పద్యములు అబద్ధములు. ముప్పది రెండవ పద్యమున గునుగు పూవును కెంపు రంగు అంటిని. కంచెలోని గునుగు తెల్లనిది, కొస మాత్రము గులాబి. తొంబదవ పద్యమున రెండు వేరువేరు తీగలను దంపతులుగా వర్ణింపబోయి ఒక్క తీగగా చేసితిని. రెండువందల ఎనిమిదవ పద్యము అన్నింటి కంటె ఘోరము. యాదవ్వ 'దీన్ని ఏం చెయ్యరు, ఊకె మొలుస్తది' అని చెప్పిన మొక్కను, పద్యము చప్పగా నున్నదని, పాముకాటుకు విరుగుడు అని వ్రాసితిని. ఈ మూడు సంవత్సరములలో ఎవరైన దానిని నమ్మి దవాఖానకు పోక ఆ ఆకు నూరుకొని త్రాగిరేమో నాకు తెలియదు. నిద్ర పట్టుట లేదు. ఈ ఇరువది మూడింటి పట్టికను, ఒక్కొక్క దానికి యాదవ్వ చెప్పిన నిజముతో సహా, ఇందుతో జతపరచితిని.

మరియు పుస్తకపు పీఠికలో ఇష్టదేవతకు, గురువులకు, అచ్చుకూటము వారికి కృతజ్ఞతలు చెప్పితిని. యాదవ్వ పేరు ఎక్కడను లేదు. 'స్థానికుల వలన విని' అని ఒక్క మాట కలదు. ఆమె పేరు అందులో ఉండియుండినచో, తమ సర్వేవారు ఆధారము కొరకు ఆమె గుడిసెకు పోయెడివారు. అప్పుడు ఈ ఉత్తర్వు పుట్టెడిదే కాదు.

కావున తమను వేడునవి:

(అ) నూట నలుబది యేడవ పద్యమును ఫైలు నుండి కొట్టివేసి, దాని స్థానమున యాదవ్వ వాంగ్మూలమును, ఆమె వేలిముద్రతో, ఆధారముగా చేర్చవలెను. పద్యకర్త అబద్ధమాడెనని అందులో స్పష్టముగా వ్రాయవలెను. పరువు నష్టమని నేను ఎన్నడును దావా వేయనని ఇందుమూలముగా హామీ ఇచ్చుచున్నాను.

(ఆ) కంచెను దున్నుటను పూర్తిగా మానవలెను. ఐదువేల రెండువందల ఎకరములలో ఒకే జాతి చెట్టు నిలిచిన నాడు అక్కడ గొర్రెకు మేత ఉండదు, నాలుగువందల పన్నెండింటిలో చాల వాటికి చోటుండదు.

(ఇ) అది తమ చేతిలో లేదేని, ఆశ్వయుజము దాటువరకు, అనగా అక్టోబరు చివరి వారము వరకు ఆపవలెను. గింజ రాలును.

(ఈ) అదియు కాదేని, కంచె నడుమ నున్న పెద్దబండ చుట్టును నలుబది ఎకరములను మాత్రము ఈ ఒక్క వానకాలము వదలవలెను. ఏడు గ్రామముల స్త్రీలు గింజలు ఏరి చేటలలో దాచుకొందురు.

(ఉ) అదియు కాదేని నాకు తోచుట లేదు. ఈ పంక్తి వద్ద నా కలము ఉదయము నుండి ఆగియున్నది. ఏమి అడిగిన తాము ఇత్తురో చెప్పినచో, దానినే అడిగెదను.

తాము చదువుకొన్నవారు, పిన్నవయస్కులు, రేపు వేరొక జిల్లాకు బదిలీ మీద పోవువారు. జూలై 2న దున్నిన చాళ్లు మాత్రము ఎక్కడికిని పోవు. ఒక్క దినము వీలు చేసికొని కంచెకు రావలెను. నేను ఘన్‌పూర్ స్టేషనులో ఉదయపు ప్యాసింజరు వేళకు ప్రతి దినమును వేచియుందును. నడువలేని చోట తమకు గొడుగు పట్టెదను.

ఈ విన్నపమును చిత్తగించి, పద్యమును కాదని గడ్డి పక్షమున నిలువవలెనని వేడు,

తమ విధేయుడును, తమ ఫైలులోని అబద్ధమునకు కర్తయును,
ఆడెపు మార్కండేయులు (చేవ్రాలు)

జత: 1. ఇరువది మూడు అబద్ధముల పట్టిక. 2. యాదవ్వ వాంగ్మూలము, వేలిముద్రతో.

తాజా కలము: సాపు ప్రతి ముగించి, లకోటాలో పెట్టుటకు ముందు, వేలిముద్ర వేయుటకై వచ్చిన యాదవ్వకు అంతయు చదివి వినిపించితిని. (ఈ) వద్ద ఆమె నన్ను ఆపినది.

"పెద్దబండ కాడ నలుబై ఎకరాలన్నవా? ఎవలు చెప్పిన్రు నీకు?"

"నేనే అనుకున్న. నడిమిట్ల ఉంటది, కొలుస్తానికి ఆసాన్ అని."

"ఓ పంతులూ! గాడ బోద గడ్డి తప్ప ఏముంటది? ఎర్రపోస ఒక్క పోస కూడ మొలువదు. నీ అర్జీ మీద సారు సంతకం చేసినంక, మేమందరం చేటలు పట్టుకొనిపోయి బండను ఏరుకోవాల్నా? వాగు దిక్కు దిగుడుకు రాయి. మా ఊరి చిలుకమ్మ మడికట్టు ఎనుకకెల్లి వాగుదాంక."

కావున పైన (ఈ)లో 'కంచె నడుమ నున్న పెద్దబండ చుట్టును' అను మాటలను కొట్టివేసి, 'చిలుకమ్మ మడికట్టు వెనుక నుండి వాగు దాక దిగు వాలున' అని దిద్దితిని. దిద్దుబాటు వలన కాగితము చూచుటకు బాగులేదు. మరల సాపు వ్రాయలేదు. నా కొట్టివేతయు, ఆమె మాటయు రెండును తమకు కనబడవలెను. ఆ చోట మా ఇరువురి గుర్తులు కలవు.

మా పిమ్మట ఈ నేల మీది మొక్కల పేర్లు వ్రాయుటకు వచ్చు పిల్లలు, వారు ఎవరి బిడ్డలైనను, పద్యముననే వ్రాసినను వచనముననే వ్రాసినను, చల్లగా నుందురు గాక. చెప్పినవారి పేరును తమ పేరు కంటె ముందు వ్రాయు బుద్ధి వారికి కలుగు గాక. చూచినదే వ్రాయు ధైర్యము కలుగు గాక. వారు ఏడూళ్ల కంచెకు వచ్చిన నాడు, మోకాటి యెత్తు గడ్డి వారి కాళ్లకు అడ్డు తగులు గాక.